ఊకొట్టే అవ్వ

కూజా చెయ్యి జారి పగిలిందని చెప్పింది దాన్ని తెచ్చిన ఇల్లాలు.

అతుకులాయన ముక్కలు రెండూ దగ్గరికి చేర్చి కథ మొదలుపెట్టాడు.

విరిగిన వస్తువు తానెవరో మరిచిపోతుంది. దాని కథ దానికి చెబితే మళ్లీ ఒకటవుతుంది. నిజం చెబితే గీత కూడా కనబడదు. తప్పు చెప్పినా అతుక్కుంటుంది కానీ, వంకరగా. ఆ ఊళ్లో మంత్రమంటే అంతే, చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"నువ్వు మెత్తని మట్టివి. చక్రం మీద తిరిగావు. మంటలో కాలావు. వంటింటి గూట్లో కూర్చున్నావు," అన్నాడు.

పక్క పీట మీది అవ్వ కూజాకు అరచెయ్యి ఆనించి ఒక్కో మాటకూ "ఊ" అంది.

"ఇవాళ చెయ్యి జారి పడ్డావు."

అవ్వ ఊకొట్టలేదు.

అతుకులాయనకు చిర్రెత్తింది. ఊ పడకపోతే ఆయనకు కథ ముందుకు సాగదు. అదో పాడలవాటు. బల్ల అంచు తగిలి పడ్డావన్నాడు. అవ్వ నోరు విప్పలేదు. ఇల్లాలి వంక చూశాడు. ఆవిడ తల దించుకుంది.

"నిన్నెవరో విసిరికొట్టారు," అన్నాడు.

"ఊ," అంది అవ్వ.

ముక్కలు టక్కున కలిశాయి. మా ఆయన కోపం సంగతి బయట అనకండని బతిమాలి, ఇల్లాలు కూజా చంకన పెట్టుకుని వెళ్లింది.

అవ్వ ఎవరో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఓ వానాకాలం తడవకుండా కొట్లోకి వచ్చింది, అప్పట్నుంచీ రోజూ వస్తోంది. పిలిస్తే పలకదు. పేరడిగితే నవ్వుతుంది. మనుషులంటే లెక్కలేదని అతుకులాయన భార్య మూతి తిప్పేది. ఆయన మాత్రం, పాపం, తన కథల రుచి మరిగి వస్తోందనుకునేవాడు.

ఆయన పేరు చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. ఆ గొంతులో ఏదో మహిమ ఉందన్నారు. సంతలో ఒకడు మాత్రం, సగం మహిమ ఊకొట్టే ముసలిదానిదేమో అన్నాడు. నలుగురూ నవ్వారు. అతుకులాయన కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆయన కూతురు మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది.

కూతురిది ఊరి నుంచి ఊరికి కబుర్లు మోసే పని. అందరికంటే ముందు పరిగెత్తేది. ఆ కాళ్లే ఆమెకు బతుకు, ఆమెకు సరదా.

కొట్లో బల్ల మీద పడుకోబెట్టారు. అవ్వ అలవాటు ప్రకారం పీట జరుపుకుని, కాలి మీద చెయ్యి వెయ్యబోయింది.

"ఇది మా ఇంటి సంగతి," అన్నాడు అతుకులాయన. "నా బిడ్డ కథ చెప్పుకోవడానికి పరాయివాళ్ల ఊ నాకక్కర్లేదు. ఇంకెప్పుడూ ఈ గడప తొక్కొద్దు."

అవ్వ ఆయన మొహం చూసింది. గుమ్మం వైపు చూపిస్తున్న వేలు చూసింది. లేచి వెళ్లిపోయింది.

ఆయన తలుపేసి కథ చెప్పాడు. అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ కడుపులో తన్నావన్నాడు. వాకిట్లో నా వేలు పట్టుకుని తొలి అడుగు వేశావన్నాడు. భార్య ఏదో అనబోయింది కానీ, కథ మధ్యలో మాట్లాడకూడదని పెదవి కొరుక్కుంది.

ఎముక అతుక్కుంది. కూతురు లేచి నిలబడింది. కాలు వంకరగా ఉంది.

"దాని తొలి అడుగు మంచంకోడు పట్టుకుని వేసింది," అంది భార్య. "మీరు ఇంట్లో లేరు. కొట్లో ఉన్నారు."

అతుకులాయన కావాలని అబద్ధం చెప్పలేదు. అలాగే జరిగిందని ఇన్నేళ్లూ నమ్ముతూ వచ్చాడు.

ఆ పైన అతికించిన గిన్నెలూ వంకరే, కుండలూ వంకరే. కథ ఎక్కడ తప్పుతోందో ఆయనకు తెలియలేదు. కొట్టుకు జనం తగ్గారు. కూతురు గుమ్మంలో కూర్చుని, తన కబుర్ల సంచి వేసుకుని వేరేవాళ్లు పరిగెడుతుంటే చూసేది.

ఒకరోజు ఆమే అడిగింది. "మళ్లీ విరిచి, సరిగ్గా చెబితే బాగవుతుంది కదా, నాన్నా?"

అవుతుంది. కానీ ఈసారైనా సరిగ్గా చెప్పాడని ఎవరు చెబుతారు? తల్లికి తెలిసినది కొంతే. మిగతాది ఆ ఎముకకే తెలియాలి.

"అవ్వను తీసుకొస్తానమ్మా," అన్నాడు. "ఆవిడ చెవికి అబద్ధం పడదు. కాళ్లు పట్టుకుని అయినా తీసుకొస్తాను."

ఊరంతా గాలిస్తే, బట్టలకు రంగులద్దే వీధిలో అవ్వ మేనకోడలు దొరికింది. తొట్టిలో బట్ట తిప్పుతూనే, అవ్వ పోయిందని చెప్పింది.

అతుకులాయన తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. తను అన్న మాటలన్నీ దాచకుండా చెప్పాడు. ఆ మాటలకే మనసు విరిగి పోయిందేమో, నన్ను తిట్టుకుందేమో అన్నాడు. ఏడుపాగలేదు.

మేనకోడలు బట్ట తిప్పడం ఆపింది.

"తిట్టుకోలేదు బాబాయ్. చివరిదాకా ఏ గిన్నె కనబడినా చెయ్యి ఆనించి ఊకొడుతూ కూర్చునేది. అవి లోపల్నుంచి ఊ అంటాయట, అదే తనూ అంటుందట, సైగలు చేసి చెప్పేది. మేం నవ్వేవాళ్లం," అంది. "మీరన్న మాటలంటారా, అవి ఆవిడ విననే లేదు. మా అత్తకు పుట్టుచెవుడు."