గరుకు దాటిన గాలి

నాలుగేళ్లుగా టీనెకె ఆ నేలమాళిగలోనే ఉన్నది.

కిటికీ లేదు. ఎండో వానో, పైనుంచి దిగివచ్చేవారి కోట్లను చూసి తెలుసుకొనేది.

ఎదురుగా, ప్రయోగాల కోసం పంకాతో గాలి తోలే ఇరవై గజాల చెక్క సొరంగం. దాని నేల సగందాకా గరుకు కాగితం, ఆపైన అద్దంలాంటి పలక. గరుకు దాటి నునుపు మీదికి వచ్చిన గాలి ఆ పలకను ఎంతగా ఒరుసుకొంటుందో తేల్చాలి. అది తేలితేనే డాక్టరేటు.

పలకకు పైన వేరువేరు ఎత్తుల్లో గాలి వేగం కొలిచి, పుస్తకంలోని సూత్రంతో కింది ఒరిపిడిని లెక్కకట్టేది. ఏ ఎత్తున కొలిచినా ఒకటే రావలసిన జవాబు ఒక్కొక్క ఎత్తుకు ఒక్కొక్కటిగా వచ్చేది.

ఇక ఆ రోజే ఆఖరు. సాయంత్రం అయిదింటికి గాలి శాశ్వతంగా ఆగిపోతుంది. మర్నాడు సొరంగాన్ని విప్పేస్తారు.

మధ్యాహ్నం ఒక వృద్ధుడు మెట్లు దిగి వచ్చాడు. చేతిలో చిన్న నూనెసీసా.

"విప్పడానికి రేపు కదా రావలసింది?" అన్నది టీనెకె, తల ఎత్తకుండానే.

"ఒకసారి చూద్దామని, తల్లీ."

మర్యాదకు కాఫీ పోసి, ఒక బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూసింది.

"ఒక్కటేనా! అతిథికి ఒక్క బిస్కెట్టిచ్చి డబ్బా మూసే హాలండు పిల్లవని వేరే చెప్పాలా?" అని నవ్వి, ఆయన లెక్కల మీదికి వంగాడు.

"నువ్వు మరీ పైన కొలుస్తున్నావమ్మా. పైగాలి ఇంకా గరుకు మీదున్నట్టే నడుస్తోంది. నేల మారిందని అడుగునున్న పలచటి పొరకే తెలుసు. పైవాణ్ణి అడిగి కిందివాడి కబురు రాస్తే ఎట్లా?"

"పుస్తకంలో అట్లాగే ఉందండీ."

"ఇక్కడ ఆ పుస్తకం తప్పు. పలక మీద ఒక్క చుక్క నూనె వేయనీ. గాలి దాన్ని ఎంత తొందరగా పలచన చేస్తుందో చూడు. ఒరిపిడి ఎంతో అదే చెబుతుంది."

"సొరంగంలో నూనా? ఇంకా నయం, వేపుడు చేస్తాననలేదు! మీ పని మరలు విప్పడం. ముప్పై ఏళ్లుగా లోకమంతా నమ్మిన సూత్రాన్ని దిద్దడం కాదు."

ఆయన ముఖం వాడిపోయింది.

"అవును, అందరూ నమ్మారు. నా బాధా అదే."

కాఫీ సగంలోనే వదిలి, మెల్లగా మెట్లెక్కి వెళ్లిపోయాడు.

టీనెకె అయిదింటిదాకా కొలిచింది. మళ్లీ ఎత్తుకొక జవాబు.

కరెంటు మనిషి వచ్చి మీట దించి, దానికి తాళం వేసి పోయాడు. నాలుగేళ్లలో మొదటిసారి ఆ గది నిశ్శబ్దమైంది.

అప్పుడు ఆమె పరిశోధనకు గురువైన ప్రొఫెసర్ ఆఫ్రింగా ఆత్రంగా దిగివచ్చాడు.

"పెద్దాయన వచ్చారా? నూనెచుక్క పరీక్ష అయిందా?"

"మరలు విప్పే ఆయనా? పంపించేశాను."

ప్రొఫెసర్ తాళం పడిన మీటవైపు చూశాడు.

"ఆ సూత్రం కనిపెట్టింది ఆయనే, అమ్మాయ్. ఇలాంటి చోట అది చెల్లదని పదేళ్లుగా చెబుతున్నా ఎవరూ వినకపోతే, చివరికి నీ దగ్గర ఒక్క గంట ఇప్పించమని నన్ను అడిగారు."