జలపతి సారు సంతకం

"సంతకం పెట్టడు బిడ్డా, ఈ సారు పెట్టడు" అని సాయమ్మ కూతురి చెవిలో గొణిగింది. గొణిగింది చెవిలోనే గానీ ఆమె గొంతు అట్లాంటిది, బల్ల అవతల కూర్చున్న జలపతి సారుకు మాట పొల్లుపోకుండా వినబడింది. ఆయన తలెత్తలేదు. దీప ఇచ్చిన కాగితాన్ని మూడోసారి మొదటినుంచి చదవసాగాడు.

కాగితంలో ఉన్నది నాలుగు ముక్కలే. దీప ఈ ఏడు జగిత్యాలలో ఎంకాంలో చేరింది. డిగ్రీలో ఆమె చదివింది బీకాం కాదు. అట్లా వచ్చినవాళ్లు ఫైనాన్షియల్ అకౌంటింగ్ పాఠం తప్పనిసరిగా చదవాలని ఆ కాలేజీ నియమం. అదే పాఠం ఇంకెక్కడైనా చదివి పాసై ఉంటే, చెప్పే సారు నాలుగు ప్రశ్నలడిగి సంతకం పెడితే మినహాయింపు. దీప దూరవిద్యలో అకౌంట్స్ డిప్లొమా చేసింది. ఎనభై ఒక్క మార్కులు. సంతకానికి ఇవాళే ఆఖరు రోజు. సోమవారం నుంచి క్లాసులు.

మిగతా పాఠాలన్నీ పన్నెండున్నర తర్వాతే. ఇదొక్కటే పొద్దున తొమ్మిదికి. పదకొండు దాటితే గానీ దీప కోరుట్లలో ఇల్లు కదలలేదు. నిరుడు తాటిచెట్టు మీంచి పడ్డప్పటి నుంచి ఆమె తండ్రి హన్మండ్లును లేపాలన్నా, స్నానం చేయించాలన్నా ఇద్దరు పట్టాలి. బీడీలు చుట్టీ చుట్టీ సాయమ్మ నడుము ఎప్పుడో వంగిపోయింది. సంతకం పడకపోతే చదువు మానేస్తానని దీప చెప్పేసింది. ఆ పిల్ల అన్నదంటే చేసేదే. సాయమ్మ భయమంతా అదే.

"మార్కులు మంచిగనే ఉన్నయి" అన్నాడు జలపతి. "కాని క్లాసుల కూసుంటే వచ్చే చదువు వేరమ్మా."

"రెండు సిలబస్‌లు ఒక్కటే సార్. పక్కపక్కన రాసుకొచ్చిన" అంది దీప.

"చూసిన. పొద్దున కాకుంటే సాయంత్రం పెడదాం. నాలుగున్నరకు."

"పొద్దుగూకంగ మళ్ల లేపాలె సారు ఆయన్ను" అని సాయమ్మ అందుకుంది. "ఇయ్యాల మా పక్కింటి సయీదా బేగం కూసున్నది. నాలుగింటి దాకనే ఉంటనన్నది."

"పోనీ, వారానికి నాలుగు దినాలొచ్చినా చాలు. హాజరు సంగతి నేను చూసుకుంట."

సాయమ్మకు ఒళ్లు మండింది. సంతకం ఒక్కటి తప్ప అన్నీ ఇస్తానంటున్నాడు. ఇది బెట్టు గాక ఏమిటి?

"నేను వీర్నపల్లి నుంచి రెండు బస్సులు మారి వస్తున్న అమ్మా" అన్నాడు జలపతి, బతిమాలుతున్నట్టుగా.

"నువ్వు జీతానికొస్తవు. మేము వచ్చిన పాఠమే మళ్ల వినతందుకు రావాల్నా?"

దీప తల్లి చేయి గిల్లింది. జలపతి మాత్రం కోపగించుకోలేదు.

"జీతం గాదమ్మా, చెప్పిన గంటల లెక్కన ఇస్తరు. ఈ కాలేజీల నాది గీ ఒక్క పాఠమే."

ఒక్క పాఠానికే ఇంత బెట్టా, పది చెప్తే ఈయన నేల మీద నడుస్తాడా అనుకుంది సాయమ్మ. బల్ల మీద హాజరు పుస్తకం తెరిచి ఉంది. ఆమెకు అక్షరాలు రావు గానీ నిండిన కాగితమేదో ఖాళీ కాగితమేదో తెలుసు. పైన ఒక్క వరుస రాసి ఉంది, కిందంతా తెల్లగా ఉంది. సోమవారం క్లాసులు పెట్టుకొని ఇంకా పిల్లల పేర్లే రాయలేదు, ఒళ్లు వంగని మనిషి అనుకుంది.

అటెండరు పోశం తాళాల గుత్తితో గుమ్మంలోకి వచ్చాడు. "ఆఫీసు మూస్తరట సార్. గా రూం సంగతి ఏం చేద్దాం?"

"ఆగు పోశం."

జలపతి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక్కటే అడుగుత. లెక్కల్ల తరుగుదల ఎందుకు రాస్తరు? పుస్తకంల ఉన్నట్టు కాదు, నీ మాటల్ల చెప్పు."

దీప పెదవి తడుపుకుంది. సాయమ్మ ఒడిలోని తాటి గేగుల సంచిని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"మా బాపు చెట్టెక్కే మోకు ఉండె సార్. అయిదేండ్లొస్తది. ఏటేటా అయిదో వంతు అరిగిందని రాసుకోవాలె. రాయకపోతే ఇంకా కొత్తదే అనుకుంటం." దీప ఆగింది. "మా బాపు గట్లనే అనుకున్నడు."

జలపతి పెన్ను తీశాడు. అది రాయలేదు. విదిలించి మళ్లీ పెట్టాడు. ఈసారి సంతకం పడింది. తర్వాత హాజరు పుస్తకంలో ఏదో కొట్టేసి, పుస్తకం మూసేశాడు.

"ఇంత మంచిగ చెప్పినంక నేను చెప్పేదేమున్నది. మంచిగ చదువుకో బిడ్డా."

సాయమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. సంచి ఆయన ముందు పెట్టింది. "మా ఊరి గేగులు సారు, పొద్దుగాల్నే ఉడకపెట్టిన." ఆయన వద్దనలేదు. రెండంటే రెండు తీసుకొని, పిల్లలు తింటారని జేబురుమాలులో చుట్టుకొని వెళ్లిపోయాడు.

వరండాలోకి వచ్చాక సాయమ్మ నోరు ఊరుకుంటుందా? పక్క గదికి తాళం వేస్తున్న పోశంతో అననే అన్నది.

"గింత సంతకానికి గంటసేపు సతాయించిండు గదనే మీ సారు. సోమవారం నుంచి ఇంకెంతమంది పిల్లల్ని సతాయిస్తడో."

పోశం తాళం లాగి చూసుకొని, తలుపు మీద సుద్దతో రాసిన పాఠం పేరు అరచేత్తో తుడిపేశాడు.

"గా పాఠానికి ఉన్నది మీ బిడ్డ ఒక్కతే అక్కా."