బరువు లేని బండి

డ్రైవర్ కావాలని కబురు పెట్టి, వచ్చినాయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు రాజేశ్వర్‌రావు.

"బయట కారుంది కదండి" అంది మనోరమ.

"కొత్త మారుతి. ఎవలు వడితె వాళ్లు తిప్పితె గీతలు వడ్తయి. ముందుగాల గీండ్ల చూస్త."

వాళ్ల పెళ్లై నలభై రోజులు. కంప్యూటర్‌లో ఆడే కారు పందెం ఆట, దానికి తగిలించే స్టీరింగు, కాళ్ల దగ్గర పెట్టే పెడళ్లు మనోరమ తమ్ముడు దుబాయి నుంచి తెచ్చిన పెళ్లి కానుక. కరీంనగర్‌లో ఇంకెవరింట్లోనూ లేదని ఇద్దరికీ మురిపెం. రోజూ సాయంత్రం ఒకే కుర్చీలో ఇరుక్కుని ఆడుకునేవారు. మలుపులో కారు పల్టీ కొడితే ఆమె పకపకా నవ్వేది.

ఆ ఆటతో మొగుడు ఒక మనిషికి పరీక్ష పెడతాడని మాత్రం ఆమె కలలో కూడా అనుకోలేదు.

వచ్చినాయన పేరు బాలమల్లు. అరవై దాటి ఉంటాయి. చెప్పులు గడప బయట విడిచి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"సారూ, గీ పెట్టెల బండి నేనెన్నడు నడుపలే. బయటి బండి ఇయ్యండ్రి, ఒక చక్కర్ కొట్టి చూపిస్త."

"గిది దుబాయి మాల్. అచ్చం అసలు బండి తీర్గనే ఉంటది. తిప్పు."

ముసలాయన స్టీరింగు పట్టుకున్నాడు. వెనక ఎవరైనా వస్తున్నారేమోనని అద్దం కోసం తల తిప్పాడు. అద్దం లేదు. ఎడమ చెయ్యి గేరు కోసం గాలిలో వెతికింది. గేరూ లేదు.

మనోరమకు నవ్వాగలేదు. ఆయన కూడా నవ్వాడు.

"ఇంట్ల ముసల్దానికి కండ్లు కనవడ్తలేవమ్మా. నౌకరి దొరుకుతె ఆపరేషన్ చేపియ్యాలె."

ఆమె నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

తెర మీద ఘాట్ రోడ్డు. ఎడమ పక్క గుట్ట, కుడి పక్క లోయ. ప్రతి మలుపు దగ్గరా బాలమల్లు నెమ్మదించాడు.

"గట్ల పోతె పొద్దుగూకుతది. జల్ది పోనియ్యి" అన్నాడు రాజేశ్వర్‌రావు.

ఆయన వేగం పెంచాడు. దిగుడులో బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు.

"బ్రేకు పట్టుకుంటలేదు సారూ."

"ఆటల గంతే ఉంటది."

ముసలాయన మొహం మారిపోయింది. వెనక సీట్లలో జనం ఉన్నట్టు తల కొద్దిగా తిప్పి, మెల్లగా అన్నాడు.

"జర ఒరుసుకుంటది. భయపడకుండ్రి, అందరు నా దిక్కు ఒరుగుండ్రి."

అంటూ కారును గుట్ట వైపు తిప్పాడు. తెర మీది కారు గుట్టకు తగిలి, బంతిలా ఎగిరి లోయలో పడింది.

రాజేశ్వర్‌రావు విరగబడి నవ్వాడు. "కావాలని గుట్టకు గుద్దినవు గదయ్యా!"

"గుట్టకు ఒరిపితె బండి ఆగుతది సారూ, గిట్ల ఎగురది. గీ బండికి బరువు లేదు."

"నీకు చాతగాక ఆటకు వంకలు పెడ్తున్నవా?"

"బయటి బండి ఒక్కసారి ఇస్తె..."

"గుట్టకు రాసెటోనికి నా కొత్త బండియ్యాల్నా? పో, పో."

బాలమల్లు గడప దిగి చెప్పులు తొడుక్కున్నాడు. "గప్పటి సేటు గూడ గదే అన్నడు" అని తనలో తాను అనుకున్నాడు.

ఎండన పడి వచ్చిన మనిషి అని మనోరమ చెంబుతో నీళ్లు తెచ్చేసరికి ఆయన వీధి మలుపు తిరిగిపోయాడు. గోడకు కారు తాళంచెవి అలాగే వేలాడుతోంది. దాన్ని చూస్తే ఆమెకు ఒళ్లు మండింది.

"బొమ్మ బండితోని మనిషిని తూస్తరా?"

"నీకు తెల్వదు, ఊకో."

మధ్యాహ్నం పర్శరాములు అనే కుర్ర డ్రైవర్ వచ్చాడు. ఆటలో అందరినీ దాటేసి ఫస్టు వచ్చాడు. అక్కడికక్కడే నౌకరి ఖాయమైంది.

సాయంత్రం బస్టాండు నుంచి అత్తగారు నిర్మలాదేవిని తీసుకొస్తూ, అదే పర్శరాములు కొత్త మారుతిని గేటు స్తంభానికి కొట్టాడు.

"ఏడ దొరికిండురా వీడు?" నుదురు రుద్దుకుంటూ లోపలికొచ్చింది నిర్మలాదేవి.

"ఆటల ఫస్టొచ్చిండత్తయ్యా" అంది మనోరమ, మొగుడి వైపు చూస్తూ.

రాజేశ్వర్‌రావుకు ఉక్రోషం వచ్చింది. "పొద్దుగాల వచ్చిన ముసలోనికన్న వీడే నయం. వాడైతె ఆటల బండినే గుట్టకు తిప్పిండు. పైనుంచి ఒక ఉపన్యాసం." మెడ వంకర పెట్టి, గొంతు వణికించాడు. "జర ఒరుసుకుంటది. భయపడకుండ్రి, అందరు నా దిక్కు ఒరుగుండ్రి."

నిర్మలాదేవి చెయ్యి నుదుటి మీదే ఆగిపోయింది.

"ఏమన్నడూ? మల్లొకసారి అను."

ఈసారి అతను గొంతు వణికించకుండానే చెప్పాడు.

"ఏ ఊరంట?"

"అడుగలే."

"ఎటు వోయిండు?"

మనోరమ గేటు దాకా పరుగెత్తింది. వీధిలో ఎవరున్నారు? మనిషి ఊరు కూడా అడగని ఇల్లు ఇదేం ఇల్లని, మొగుడి మీదా తన మీదా ఆమెకు ఒకేసారి కోపం పొంగింది.

తిరిగొచ్చేసరికి అత్తగారు గడప మీద కూలబడి ఉంది.

"శానేండ్ల కింద కెరమెరి ఘాట్ల పెండ్లి బస్సుకు బ్రేకులు ఫెయిలైనయి. గా డ్రైవర్ గదే మాట అనుకుంట బస్సును గుట్టకు ఒరిపి ఆపిండు. యాభై మందిల ఒక్కలకు గూడ దెబ్బ తాకలే. బస్సు రేకులు చీరుకపోయినయని తెల్లారి సేటు ఆయన నౌకరి తీసేసిండు. గా దినం తలుసుకుంటెనే భయమని నేనెన్నడు ఎవ్వలకు చెప్పలే."

"గా బస్సుల నువ్వున్నవా అమ్మా?" రాజేశ్వర్‌రావు తల్లి ముందు కూర్చున్నాడు.

"నేనున్న బిడ్డా" అంది నిర్మలాదేవి. "నా కడుపుల నువ్వున్నవు."