తాళం లేని ఇల్లు

ఎవరో దంపతులు చెప్పులైనా విప్పకుండా తిన్నగా పడకగదిలోకి వచ్చేశారు. ఒక పిలుపూ లేదు, పలకరింపూ లేదు. ఆయన వస్తూనే బీరువా తలుపు తెరిచి లోపలికి తొంగిచూశాడు. ఆవిడ మంచం అంచున కూర్చుని పైకీ కిందికీ ఊగింది.

మంచానికి రెండో అంచున కబుర్లు చెప్పుకుంటున్న తాళాల మేస్త్రీ, అతని భార్య నోళ్ళు తెరుచుకుని చూస్తూ ఉండిపోయారు.

మేస్త్రీకి ఒళ్ళు మండింది. వారమంతా ఊళ్ళోవాళ్ళ తలుపులకు తాళాలు బిగించడమే అతని పని. తాళంచెవి పోగొట్టుకున్న ప్రతివాడికీ అతనే దిక్కు. అలాంటివాడి ఇంటికి తాళం లేదు. ఎవరు పడితే వాళ్ళు వస్తారు, అన్నీ ముట్టుకుంటారు, పోతారు.

ఆదివారం సాయంత్రం ఒక్కటే మేస్త్రీకీ భార్యకీ సొంతం. మిగతా రోజులు ఉండే మేస్త్రీ తల్లి దగ్గర రెండు గదులు, తొమ్మిది మంది జనం. అక్కడ ఆలుమగలు ఒక మాట అనుకోవాలంటే కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున అనుకోవాలి. అందుకే ఈ గదంటే ఇద్దరికీ ప్రాణం. కిటికీకి పసుపు రంగు తెరలు, మంచం పక్కన దీపం, బల్ల మీద పళ్ళెంలో యాపిల్ పళ్ళు. గోడ గడియారం ఎప్పుడూ పదీ పది దగ్గరే ఆగి ఉంటుంది. బాగుచేయించమని మేస్త్రీ భార్య ఏనాడూ అడగలేదు. ఈ ఇంట్లో టైము కదలకపోవడమే మేలనేది.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మేస్త్రీకి తెలుసు. ఆమధ్య ఒక వకీలు గారి తలుపు తీసిపెట్టాడు. తాళంచెవి లోపల మరిచిపోయి గుమ్మంలో నిలబడ్డ ఆ వకీలు, తాళం ఊడేదాకా ఇంటి యజమాని హక్కుల గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పరాయివాడు ఇంట్లో జొరబడితే ముందు మర్యాదగా పొమ్మనాలి. వినకపోతే రెక్క పట్టుకుని గుమ్మం దాటించవచ్చు. అవసరానికి మించి ఒక్క దెబ్బ కూడా వెయ్యకూడదు. తన ఇంట్లోకి తానే పోలేనివాడు ఎంత చెబుతున్నాడో అని మేస్త్రీకి నవ్వొచ్చింది గాని, ఆ మాటలు మాత్రం మనసులో పెట్టుకున్నాడు.

మర్యాదతోనే మొదలుపెట్టాడు.

"ఇదిగోండి, ఇది మా ఇల్లు. కాస్త బయటికి నడవండి."

ఆయన మేస్త్రీని ఎగాదిగా చూశాడు. "మీ ఇల్లా? బాగుంది. మాకూ నచ్చింది," అని పళ్ళెంలోంచి ఒక యాపిల్ తీసి, గోటితో గీకి చూసి, పెదవి విరిచి మళ్ళీ అక్కడే పెట్టేశాడు.

ఆవిడైతే చెప్పుల కాళ్ళతోనే మంచం మీద వాలి, తలగడ సర్దుకుని కళ్ళు మూసుకుంది. మేస్త్రీ భార్యకి ఏడుపొచ్చినంత పనైంది. వచ్చీ రాగానే ఒక్క ముడత లేకుండా సర్దుకున్న దుప్పటి అది.

"కాళ్ళు కాస్త కిందికి పెట్టుకోండమ్మా. దుప్పటి మాసిపోతుంది."

ఆవిడకి చీమ కుట్టినట్టయినా లేదు. నడుముకి హాయిగా ఉందని కళ్ళు తెరవకుండానే మొగుడితో చెప్పింది. ఆయన వెంటనే జేబులోంచి టేపు తీసి మంచం పొడుగు కొలవసాగాడు.

ఇక మర్యాద చాలనుకున్నాడు మేస్త్రీ. ఆయన రెక్క పట్టుకుని, ఎంత అవసరమో అంతే బలం వాడి, గది బయటికి నడిపించాడు. ఆవిడ తిట్టుకుంటూ వెనకే వెళ్ళింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ఇంట గెలిచేశాను పో, అన్నాడు మేస్త్రీ చేతులు దులుపుకుంటూ. భార్య నవ్వి, దుప్పటి దులిపి మళ్ళీ పరిచింది.

ఆ సంబరం కాసేపే. ఆ దంపతులు ఇద్దరు కండలు తిరిగిన మనుషుల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చారు. ఒకడి చేతిలో స్పానర్ ఉంది. ఆవిడ వేలెత్తి మంచం చూపించి, పరుపుతో సహా, అంది.

మనుషులు కూర్చుని ఉండగానే వాళ్ళ కింది మంచం పట్టుకుపోవడం మేస్త్రీ కనీవినీ ఎరగడు. వకీలు కూడా ఈ సంగతి చెప్పలేదు. దెబ్బ వెయ్యకూడదని మాత్రం గుర్తుంది. అందుకని మొగుడూ పెళ్ళాం వెల్లకిలా పడుకుని చెరో అంచూ గట్టిగా పట్టుకున్నారు.

ఆ పనివాళ్ళకి వీళ్ళు కొత్తేం కాదు. "దిగన్నా, మా ఉద్యోగాలు పోతాయి," అని బతిమాలాడు స్పానర్ మనిషి. ఎంతకీ దిగకపోయేసరికి మంచంతోపాటే ఇద్దర్నీ పైకెత్తారు.

మంచం గాల్లో ఉండగా భార్య అంచు వదిలేసి మొగుడి చెయ్యి పట్టుకుంది.

"పోనివ్వండి. ఈ మంచం మీద మనం ఒక్కనాడూ పోట్లాడుకోలేదు. వాళ్ళైనా అలాగే ఉంటారేమో."

దించగానే దిగారు. దుప్పటి మేస్త్రీ భార్యే మడిచి ఆ వచ్చినావిడ చేతిలో పెట్టింది. మంచం వెళ్ళిపోయాక గది మరీ పెద్దదిగా కనిపించింది. ఊరందరి ఇళ్ళూ కాపాడేవాడు తన ఇంట్లో మంచం కాపాడుకోలేకపోయాడు.

కాసేపటికి యూనిఫాం వేసుకున్న కాపలా మనిషి వచ్చాడు. అతను వీళ్ళకి పాత పరిచయమే. బోసిపోయిన నేల వంక చూసి, మేస్త్రీ భార్య కళ్ళు తుడుచుకునేదాకా ఆగి, మెల్లిగా ఇలా అన్నాడు:

"బాధపడకు వదినా, వచ్చే ఆదివారానికి గోడౌన్‌లోంచి అచ్చం అలాంటి మంచమే తెచ్చి మీ గదిలో వేయిస్తాను, ఇప్పటికి మాత్రం కిందికి పదండి, షోరూం మూసే వేళయింది."