పన్నెండో కొలిమి

"అలా ఊదకండమ్మా! కొలిమికి ఎక్కిళ్ళొస్తున్నాయి."

నోగా విసుగ్గా తలెత్తింది. అరిచింది నీళ్ళ టాంకర్ నడిపే అద్మాసు.

ఎడారిలోని ఈ తిమ్నా లోయలో మూడువేల ఏళ్ళ క్రితం రాగి తీసిన పద్ధతిలోనే మళ్ళీ తీసి చూడాలని పురావస్తు పరిశోధకురాలు నోగా పట్టుదల. అదే మట్టి కొలిమి, రాగి దాగిన అదే పచ్చరాయి, గాలి ఊదే అవే మేకతోలు తిత్తులు. పదకొండుసార్లు చేశారు. పదకొండుసార్లూ రాగి రాలేదు, కరిగిన రాతి మడ్డి, నల్లటి చిట్టెమే మిగిలింది.

ఇది పన్నెండోది.

"నీళ్ళు పోసి వెళ్ళు తాతా. ఇది నీకు తెలిసే పని కాదు."

"ఇక మనకి టాంకర్ తాత పాఠాలు చెబుతాడన్నమాట!" ఆమెతో పనిచేసే యిగాల్ నవ్వాడు.

అద్మాసు నొచ్చుకోలేదు. పైపు పీపాలో వేసి, వచ్చి కొలిమి పక్కన కూర్చున్నాడు.

"తిత్తులు రెండూ ఒక్కసారే నొక్కుతారేం? ఒకటి నిండుతుంటే ఇంకొకటి ఊదాలి. ఊపిరి తెగకూడదు. బొగ్గు కూడా పెద్దదైంది. పిడికిట్లో ఇమిడేంత చాలు."

నోగా అలసిపోయి ఉంది.

"పోతే పోయింది. కానివ్వు."

అతను చేతికొక తిత్తి పట్టాడు. మధ్యాహ్నం దాకా లేవలేదు. మంట రంగు చూసి తను చెబితేనే రాయి వేయనిచ్చాడు. చివరికి కళ్ళు మూసుకుని, చెవి ఒగ్గి విన్నాడు.

"ఇప్పుడు గోడ పగలగొట్టు బిడ్డా."

చిట్టెం నల్లటి పాకంలా జారిపోయింది. దాని అడుగున అరచేయంత రాగి, అప్పుడే పుట్టిన పసిగుడ్డులా ఎర్రగా ఉంది.

యిగాల్ టోపీ తీసేశాడు.

"ఎక్కడ నేర్చుకున్నావు తాతా?" నోగా అడిగింది.

"పెద్ద కథమ్మా. ఇంకోచోట నీళ్ళు పోయాలి. ఆదివారం వస్తాగా, తీరిగ్గా చెబుతా."

ఆదివారం వేరే డ్రైవర్ వచ్చాడు.

"అద్మాసా? పాపం, శుక్రవారం గుండె ఆగిపోయిందండీ."

నోగా ఆ సాయంత్రమే కిర్యత్ గాత్ ఊళ్ళో వాళ్ళింటికి వెళ్ళింది. పరామర్శకి వచ్చినవాళ్ళకి అద్మాసు కూతురు యెషీ కాఫీ పోస్తోంది.

నోగా జరిగింది చెప్పింది. యెషీ చేతిలో కూజా ఆగిపోయింది.

"నిజంగా కొలిమి ముందు కూర్చున్నాడా? ఇతియోపియా నుంచి ఈ దేశానికి వలసొచ్చి ముప్ఫై ఏళ్ళయింది. వచ్చిన రోజు అధికారులు కాగితంలో 'ఏ పనీ రాదు' అని రాసుకున్నారు. మళ్ళీ ఎవరూ అడగలేదు."

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"అక్కడ నలభై ఊళ్ళ నాగళ్ళూ ఆయన చేతివేనండీ; రాయి కరిగించి లోహం తీసే మా వంశంలో నాన్నే ఆఖరివాడు."