మైనస్ వైరు

"బ్యాటరీ వైరు తీయకుండా వెల్డింగ్ పెట్టకు బాబూ."

కారు కింద నుంచి నాగూర్ తల బయటపెట్టాడు. షెడ్డు ముందు అరవై ఏళ్ళావిడ నిలబడి ఉంది. భుజాన సంచి. విజయవాడ బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది.

"ఎవరమ్మా మీరు? ఈ కారు వాళ్ళ తాలూకా?"

"కాదు. మైనస్ వైరు ఒక్కటి తీస్తే చాలు. లేకపోతే ఇంజన్ని నడిపే కంప్యూటర్ బాక్సు కాలిపోతుంది."

నాగూర్‌కి ఒళ్ళు మండింది. నెల రోజుల్లో అతని షెడ్డులో రెండు కార్లు ఆగిపోయాయి. రెండింట్లోనూ పోయింది కంప్యూటర్ బాక్సే. నాగూర్ చెయ్యి పడితే కారు లేవదని తిరువూరులో నవ్వుకుంటున్నారు. మూడోది కూడా పోతే షెడ్డు మూసుకోవాల్సిందే.

ఆ మూడోది పక్కనున్న పెనుగొలను ఊరి జగన్నాథరావుది. సైలెన్సర్ పట్టీ విరిగింది. ఆయన పక్కనే కుర్చీలో కూర్చుని వింటున్నాడు.

"ఏంటి నాగూర్, మళ్ళీ బాక్సంటోంది ఈవిడ?"

"ఆమె మాటకేంటి సార్! అక్రమ్ షెడ్డు వాళ్ళు పంపించి ఉంటారు, నా బేరం చెడగొట్టమని." నాగూర్ ఆమె వైపు తిరిగాడు. "ఇరవై ఏళ్ళ నుంచి వెల్డింగ్ చేస్తున్నానమ్మా. ఒక్కసారి కూడా వైరు తీయలేదు."

"అప్పుడు నీ దగ్గరికొచ్చిన జీపుల్లో కంప్యూటర్ ఉందా?"

జగన్నాథరావు నవ్వాడు. ఆ నవ్వుకి నాగూర్ లేచి నిలబడ్డాడు.

"నాకే పాఠాలు చెబుతావా? ముందు ఇక్కణ్ణించి కదులు."

"నేనెవరో చెప్పనీ..."

"నువ్వెవరైతే నాకేంటి? పో!"

ఆమె ముఖం ఎర్రబడింది. "నీ ఖర్మ," అని బస్టాండు వైపు నడిచింది.

నాగూర్ పంతానికి వైరు ముట్టుకోకుండానే వెల్డింగ్ చేశాడు. పట్టీ అతుక్కుంది. తాళం తిప్పాడు. ఇంజను అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. లేదు.

జగన్నాథరావు కుర్చీ తన్ని లేచాడు.

"నా కారూ చంపేశావు! ఇక మా ఊరి నుంచి ఒక్క బండి నీ షెడ్డుకొస్తే నన్నడుగు!"

ఆయన ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

నాగూర్ స్పానర్ నేలకేసి కొట్టాడు. తరవాత బాక్సు ఊడదీసి, విజయవాడకి ఫోన్ చేశాడు. ముందటి రెండు బాక్సుల్నీ అక్కడ ఒక సార్ బాగుచేశాడు. ఆయన్ని నాగూర్ ఎప్పుడూ చూడలేదు. బాక్సు బస్సులో వేసేవాడు, బాగై బస్సులోనే తిరిగొచ్చేది. ఫోన్ మాత్రం చరణ్ అనే అక్కడి కుర్రాడు ఎత్తేవాడు.

"చరణ్, మీ సార్ని పిలు. అర్జెంటు!"

"సార్ ఎవరండీ? బాక్సులు బాగుచేసేది మా అమ్మే. 'రెండూ వెల్డింగ్‌కే కాలాయి, పాపం అతని షెడ్డు పేరు పోతుంది, దగ్గరుండి చూపించొస్తా' అని పొద్దున్నే మీ ఊరి బస్సెక్కింది."