ఇనుము పాఠం

"ఇవాళ కూడా పిలవలేదమ్మా," అన్నాడు తెమిర్.

బురుల్‌కి ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే గొర్రెల పని అత్తగారి మీద వదిలేసి, కొడుకుని గుర్రం మీద కూర్చోబెట్టుకుని గుట్టెక్కింది. ఈ నరీన్ కొండల్లో సిగ్నల్ వచ్చేది ఇక్కడే. ఫోన్ కూడా తనది కాదు, బావగారిది. మొగుడి అన్న పేరు నోట పలక్కూడదాయె! ఫోన్ కావాలంటే రోజూ ఆయన గుమ్మం బయట నిలబడి "ఓ గుర్రాలాయనా!" అని కేకెయ్యాలి.

ఇంత అవస్థా పడితే దక్కిందేమిటి?

కరోనాకి బడి మూసి నెల దాటింది. కొత్తగా పెళ్ళయిన చొల్పోన్ టీచర్ కనుమ అవతలి అత్తారింటికి వెళ్ళిపోయి, అక్కణ్ణుంచే ఫోన్లో నాలుగో తరగతికి పాఠం చెబుతోంది. హాజరు వేసేటప్పుడు అందరి పేర్లూ గడగడా పిలుస్తుంది. తెమిర్ దగ్గరికొచ్చేసరికి ఆవిడకి దగ్గొస్తుంది.

"ఆ... కిటికీ పక్కన కూర్చునేవాడు వచ్చాడా?" అంటుంది.

పేరు పిలిస్తేనే పలకాలని బళ్ళో నేర్పింది ఆవిడే. తెమిర్ మరీ బుద్ధిమంతుడు. నోరు విప్పడు. పలికినవాళ్ళకే హాజరు.

నిన్న బడి నుంచి కబురొచ్చింది. "మీవాడు ఇరవై రోజులుగా పాఠానికి రావడం లేదు. ఇంకొక్క రోజు రాకపోతే నాలుగో తరగతి మళ్ళీ చదవాల్సిందే."

ఆ ఒక్క రోజూ ఇవాళే.

"పాఠమైనా సరిగ్గా చెప్పి చచ్చిందా?"

"అయస్కాంతం గురించి చెప్పిందమ్మా. అది దేన్ని లాగుతుందంటే, గుర్రపు నాడాలు దేంతో చేస్తారో దాన్ని, అంది."

"ఇనుము అనడానికి నోరు పడిపోయిందా?"

ముగ్గురు పిల్లలు పుట్టి పోయాక వీడు దక్కాడు. గట్టిగా ఉండాలని ఇనుమనే పేరే పెట్టుకుంది. తెమిర్ అంటే అదే. ఆ పేరంటే ఈవిడకి అంత లోకువా?

ఫోన్ లాక్కుంది. తెరమీద చొల్పోన్ ఇంకా ఉంది, తలకి తెల్లగుడ్డ, బిక్కమొహం.

"ఏం టీచరమ్మా, నా కొడుకు నీకేం ద్రోహం చేశాడు?"

"అక్కా, మెల్లగా... మెల్లగా మాట్లాడండి."

"ఎందుకు మెల్లగా? వాడి ఏడాది గంగలో కలుస్తోంది ఇక్కడ! అందరి ముందూ ఒక్కసారి పేరు పెట్టి పిలువు."

"అక్కా, మీకు దణ్ణం పెడతాను, నా వల్ల కాదు..."

"మూడక్షరాలు పలికితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా? ఇదిగో, నేను పిలుస్తున్నా చూడు. తెమిర్! ఒరేయ్ తెమిర్!"

గుట్ట మారుమోగింది. చొల్పోన్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆమె వెనక గుమ్మం తెర పక్కకి తొలగి, ఓ తెల్లగడ్డం ఫోన్లోకి తొంగిచూసింది.

"ఎవరే కోడలా, నన్ను పట్టుకుని అలా పేరు పెట్టి పిలుస్తోంది?"